తల తూలుతోందా? కొత్త చికిత్స కోసం ఆగాలా, వ్యాయామాలు మొదలుపెట్టాలా?

జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల తర్వాత మా పిన్నికి లోపలి చెవిలోని హెయిర్ సెల్స్ (తల కదలికను పసిగట్టి బ్యాలెన్స్‌కు సాయపడే కణాలు) దెబ్బతిన్నాయి. మారతహళ్లిలో మా ఇంటి మెట్లు ఇప్పటికీ గోడ పట్టుకునే దిగుతుంది.

ఆ కణాలను మళ్లీ పెంచే చికిత్స కోసం ఆగితే: కోళ్లకు, చేపలకు ఆ కణాలు పోయినా మళ్లీ పుడతాయి, మనకు ఆ శక్తి చాలా తక్కువ. ఏటో1 అనే జీన్‌తో పక్కనున్న కణాలను హెయిర్ సెల్స్‌గా మార్చడం ఎలుకల్లో కొంతవరకు సాధ్యమైంది, కానీ మనుషులకు ఆమోదం పొందిన చికిత్స లేదు. వినికిడి కోసం పరీక్షించిన ఎఫ్‌ఎక్స్-322 అనే మందు కూడా 2023లో ఫెయిలైంది. అందుకే కణాలు పెంచుతామని ఎవరైనా లక్షలు అడిగితే లేచి వచ్చేయండి.

వ్యాయామాలైతే: ఖర్చు ఫిజియో ఫీజు, శ్రమ మాత్రం రోజూ. గోడకు అంటించిన అక్షరం మీద చూపు నిలిపి తల అటూ ఇటూ తిప్పాలి, మొదట్లో తూలడం పెరుగుతుంది, రెండో రోజే పిన్ని ఏడ్చేసింది. కణాలు తిరిగిరావు, కానీ కళ్లూ పాదాలూ ఇచ్చే సమాచారంతో మెదడు సర్దుకోవడం నేర్చుకుంటుంది. పడిపోయే రిస్క్ ఉంది, పక్కన మనిషి ఉండాల్సిందే.

పడక మీద పక్కకు ఒత్తిగిలినప్పుడే కాసేపు గిర్రున తిరిగితే అది ఎక్కువగా చెవిలోని స్ఫటికాలు జారడం వల్ల, దానికి డాక్టర్ తలను వరసగా కొన్ని వైపులకు తిప్పి చేసే ఎప్లీ పద్ధతి చాలావరకు సరిపోతుంది. పిన్నిలా రెండు చెవులూ దెబ్బతింటే వ్యాయామాలు ఇవాళే మొదలెట్టండి. డబ్బు అడగని, రిజిస్టరైన ట్రయల్ ఏదైనా వస్తే మీ ఈఎన్‌టీ డాక్టర్‌ని అడిగి అప్పుడు ఆలోచించవచ్చు.