గంటల్లో తీసేయించడమా, పద్ధతి మార్పించడమా?

ఆన్‌లైన్‌లో హానిని అరికట్టాలంటే చట్టానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి.

ఒకటి గడువు దారి. జర్మనీలో 2017లో వచ్చి 2024 దాకా అమల్లో ఉన్న చట్టం ప్రకారం, చట్టవిరుద్ధమని స్పష్టంగా తెలిసే పోస్టును సోషల్ మీడియా కంపెనీ ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాల్సి ఉండేది. ఆ ఏర్పాటు సరిగా లేకపోతే కంపెనీకి 5 కోట్ల యూరోల దాకా జరిమానా ఉండేది. వేగం బాగానే ఉంది. కానీ ఉంచితే జరిమానా భయం, తీసేస్తే ఏ నష్టమూ లేదు. అలాంటప్పుడు ఎవరైనా తీసేయడానికే మొగ్గుతారు. లాఠీ దెబ్బలను బయటపెట్టే వీడియో, ఆ దెబ్బలను మెచ్చుకునే వీడియో పైకి ఒకేలా ఉంటాయి. తేడా చూసే తీరిక ఎవరికుంటుంది? ఫ్రాన్స్‌లోనూ ఇలాంటి గడువులే పెడితే, 2020 జూన్‌లో అక్కడి రాజ్యాంగ మండలి భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని కొట్టేసింది.

రెండోది యూరోపియన్ యూనియన్ 2022లో తెచ్చిన డిజిటల్ సర్వీసెస్ చట్టం దారి. పోస్టు తీసేస్తే కారణం చెప్పాలి, అప్పీలుకు వీలివ్వాలి. బాగా పెద్ద ఆన్‌లైన్ వేదికలైతే తమవల్ల కలిగే ముప్పులను ఏటా అంచనా వేయాలి. హక్కులకు ఇదే మేలు. కాకపోతే నెమ్మది. తన ఫోటో మార్ఫింగ్ చేసి పెట్టారని ఏడుస్తున్న అమ్మాయికి ఏడాది చివరి నివేదిక ఏం ఊరట?

నా మొగ్గు రెండో దారికే. పిల్లలపై లైంగిక హింస, అనుమతి లేని నగ్న చిత్రాలు, ఈ రెండింటికి మాత్రం గంటల గడువు ఉండి తీరాలి.