టెంపరేచర్ మీ కళ్లతో చూడకుండా పీసీకి డబ్బు కట్టకండి

పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా పని, ఉండేది తెనాలి. ముహూర్తాలు మొదలయ్యేలోపు చేతికి రావాలని విజయవాడలో ఒక షాపులో కొత్త పీసీ అసెంబుల్ చేయించాను. ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్, దాని వేడిని లాగేయడానికి పైన బిగించే, విడిగా కొన్న పెద్ద టవర్ కూలర్. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చే చిన్న కూలర్ మన ఎండలకు, రాత్రంతా నడిచే నా పనికి సరిపోదని నేనే అడిగి మరీ పెట్టించుకున్నాను.

ఇంటికి తెచ్చిన రోజు నుంచే ఫ్యాన్ హోరు. గంట వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే పాత పీసీ కంటే ఎక్కువసేపు తీసుకుంది. షాపుకి ఫోన్ చేస్తే, "ఎండాకాలం కదన్నా, ఈ టైములో అందరివీ అంతే, నార్మలే" అన్నారు. నమ్మాను. మూడు వారాలు అలాగే లాగాను. రెండు పెళ్లిళ్లవాళ్లకి చెప్పిన తేదీకి వీడియో ఇవ్వలేక మాట పడ్డాను.

చివరికి సెలవులకి వచ్చిన మా అక్క కొడుకు, "మామయ్యా, అసలు టెంపరేచర్ ఎప్పుడైనా చూశావా?" అని హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడే 61 డిగ్రీలు. ప్రాసెసర్‌తో పూర్తి జోరుగా పని చేయించి చూసే సినీబెంచ్ అనే టెస్టు నడిపితే పది సెకన్లలో 100కి చేరి అక్కడే నిలబడిపోయింది.

అందరూ పొరబడేది ఇక్కడే. 100 దాటలేదు కాబట్టి పర్వాలేదు అనుకుంటాం. ఈ ప్రాసెసర్‌కి కంపెనీ పెట్టిన హద్దే 100 డిగ్రీలు. అది దాటకుండా ఉండడానికి ప్రాసెసర్ తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. అన్ని కోర్లూ (ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలు) పని చేస్తున్నప్పుడు 4 గిగాహెర్ట్జ్ దగ్గర నడవాల్సిన నా ప్రాసెసర్ 2.3కి పడిపోయింది. అంటే నేను డబ్బు కట్టిన వేగంలో సగం కంటే కొంచెమే ఎక్కువ నాకు అందుతోంది. అందుకే డిగ్రీలొక్కటే చూస్తే చాలదు, పక్కనే క్లాక్ స్పీడ్, అంటే గిగాహెర్ట్జ్‌లో చూపించే ఆ వేగం కూడా చూడాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో థర్మల్ థ్రాట్లింగ్ అని విడిగా ఒక వరుస ఉంటుంది. అక్కడ "ఎస్" అని కనబడితే ఎక్కడో తేడా ఉన్నట్టే.

కూలర్ విప్పాం. దాని అడుగున రాగి మీద పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. బిగించే ముందు తీసేయమని దాని మీదే ఇంగ్లిష్‌లో ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. షాపులో ఆ పొర తీయకుండా, దాని మీదే థర్మల్ పేస్టు (ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే ముద్ద) పూసి బిగించేశారు. గోటితో అంచు లేపితే మొత్తం ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. కింద రాగి కొత్త బిందెలా మెరుస్తోంది. ప్రాసెసర్ వేడి మూడు వారాలుగా ఒక్క క్షణం కూడా ఆ రాగిని నేరుగా తాకలేదు. నాకు కోపం కంటే ముందు బాధేసింది.

వేడిని మోసే గుణంలో రాగిది 400 దాకా ఉంటే, ప్లాస్టిక్‌ది 0.2 దగ్గర ఉంటుంది. గాలిది ఇంకా తక్కువ, 0.026. ప్రాసెసర్ మూతా, కూలర్ అడుగూ కంటికి నున్నగా కనిపించినా వాటి మధ్య సన్నటి గుంటల్లో గాలి ఉండిపోతుంది. ఆ గాలిని బయటికి నెట్టి గుంటలు నింపడమే థర్మల్ పేస్టు పని. అంత పల్చటి సందులో ప్లాస్టిక్ పొర ఉంటే ఎంత మంచి కూలర్ పెట్టినా దండగే.

ఇక రెండో దెబ్బ నా తొందర వల్ల తగిలింది. కూలర్ ఒకసారి విప్పాక పాత పేస్టు పనికిరాదు, కొత్తది వేయాలి. ఆన్‌లైన్‌లో పేరున్న బ్రాండ్ పేస్టు, మిగతా చోట్ల ఐదారు వందలున్నది, ఒక సెల్లర్ దగ్గర 149కే కనబడింది. ఆర్డర్ పెట్టేశాను. సిరంజి నొక్కగానే ముందు నూనె చుక్క వచ్చింది, తర్వాత పలచటి బూడిదరంగు ముద్ద. లేబుల్ మీద అక్షరాలు మసకగా ఉన్నాయి. అప్పుడే ఆపేయాల్సింది, పని ఆగిపోతుందని వేసేశాం. మొదటి రోజు టెస్టులో 76. హమ్మయ్య అనుకున్నాను. పన్నెండు రోజులకి అదే టెస్టులో 92. విప్పి చూస్తే పేస్టు అంచులకి జారిపోయి, మధ్యలో పొడిపొడిగా ఉంది. నకిలీ సరుకు.

కొన్ని కంపెనీలు అసలుదో కాదో చూసుకోవడానికి ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్ ఇస్తున్నాయి. వాడే ముందు స్కాన్ చేయండి. సగానికి సగం తక్కువ ధర కనబడితే సెల్లర్ పేరు చూడకుండా కొనకండి.

మూడోసారి తెలిసినవాళ్ల ద్వారా అసలు పేస్టు తెప్పించాను. మొబైల్ రిపేరు షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా, గుడ్డకి బూడిదరంగు అంటడం ఆగేదాకా తుడిచాం. ఐ5-12400 మూత కాస్త పొడవుగా ఉంటుంది కాబట్టి బఠాణీ గింజంత చుక్కకి బదులు మధ్యలో సన్నటి గీత పెట్టాం. కూలర్‌ని నిటారుగా దించి, స్క్రూలు ఎదురెదురు మూలలుగా కొద్దికొద్దిగా బిగించాం. ఒక మూల పూర్తిగా బిగించి తర్వాత రెండోదానికి వెళ్తే ఒత్తిడి ఒకవైపే పడుతుంది. ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లలో 5000 సిరీస్ దాకా వచ్చిన ఏఎం4 రకం (పిన్నులు ప్రాసెసర్‌కే ఉండే సాకెట్) వాడేవాళ్లు మాత్రం కూలర్‌ని ఒక్కసారిగా పైకి లాగకండి. కాసేపు పీసీ నడిపి, వేడెక్కాక ఆపి, కరెంటు తీసేసి, మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయండి. లేకపోతే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి కూలర్‌తో పాటే వచ్చి, పిన్నులు వంగొచ్చు.

ఇప్పుడు అదే గది, అదే ఎండ. ఖాళీగా 42, టెస్టులో 69, వేగం 4 దగ్గర కదలకుండా ఉంది. ఎండాకాలం మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు. గది పది డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా సుమారు అంతే పెరుగుతుంది. కానీ 69కీ 100కీ మధ్య 31 డిగ్రీల తేడా ఉంది, ఎండ మీదికి నెట్టేసే తేడా కాదది.

అసెంబుల్ చేయించుకునేవాళ్లు షాపులోనే, డబ్బు కట్టకముందే, సినీబెంచ్ పది నిమిషాలు నడిపించి చూపించమనండి. నా ప్రాసెసర్ లాంటిదానికి ఏసీ గదిలో కూడా 90లు కనబడితే తీసుకోకండి. కూలర్ పెడుతున్నప్పుడు పక్కనే నిలబడి పొర తీశారో లేదో చూడండి, వీలైతే ఫోటో తీయండి. వాళ్లు విసుక్కున్నా పర్వాలేదు.

నేను ఆ పొర పారేయలేదు, ఫోటోలతో పాటు దాచాను. షాపువాళ్లు ఇప్పటికీ "మా దగ్గర అలా జరగదు" అంటున్నారు. పేస్టు సెల్లర్ సీల్ తీశారని రిటర్న్ ఒప్పుకోలేదు. బిల్లులు పట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి రెండింటి మీదా కంప్లైంట్ రాయించాను. ఇంకా జవాబు రాలేదు.