మా అపార్ట్‌మెంటు బయోగ్యాస్ ప్లాంటు: ఏడాది అనుభవం

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా అపార్ట్‌మెంటులో తడి చెత్త నుంచి వంటగ్యాసు తీసే ప్లాంటును ఒక సంస్థ బిగించి ఏడాది దాటింది. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలోని తెలుగువారు తరచూ అడుగుతున్నందున ఇది వివరంగా రాస్తున్నాను.

మొదట ట్యాంకును పేడ నీళ్లతో నింపి, సూక్ష్మజీవులు కుదురుకునే వరకు చెత్తను కొద్దికొద్దిగా మాత్రమే వేశాము. గాలి చొరబడని ఆ ట్యాంకులో కొన్ని సూక్ష్మజీవులు తొక్కలను, మిగిలిన అన్నం, పప్పులను ఆమ్లాలుగా విడగొడితే, మరికొన్ని ఆ ఆమ్లాల నుంచి మీథేన్‌ను తయారుచేస్తాయి. మా క్లబ్‌హౌస్ వంటగదిలో ఆ గ్యాసు చక్కని నీలి మంటతో మండుతోంది. బయటికి వచ్చే స్లరీని, అంటే గ్యాసు తీశాక మిగిలే బురదలాంటి ద్రవాన్ని, నీళ్లు కలిపి మొక్కలకు పోస్తున్నాము.

అసలు ఇబ్బంది డిసెంబరులో వచ్చింది. ఈ సూక్ష్మజీవులకు సుమారు 35 డిగ్రీల వెచ్చదనం అనుకూలం. ఇక్కడి చలికాలపు రాత్రులు 15 డిగ్రీల దాకా దిగుతాయి. మంట బలహీనపడిందని ఫోన్ చేస్తే, చెత్త ఇంకా ఎక్కువ వేయమని సంస్థవారు సలహా ఇచ్చారు. అది పూర్తిగా తప్పు సలహా. ఆమ్లం చేసే జీవులు వేగంగా, మీథేన్ చేసేవి నెమ్మదిగా పెరుగుతాయి కనుక, మేత పెంచేసరికి ఆమ్లం పేరుకుపోయి, దుర్వాసన వచ్చి, పొయ్యి అంటుకోవడమే మానేసింది. పది రోజులు చెత్త ఆపి, సున్నపు నీరు, తాజా పేడ వేసిన తర్వాతే ట్యాంకు కోలుకుంది.

అప్పుడు మేడమీది సోలార్ పలకల కరెంటుతో నీటిని వేడిచేసి ట్యాంకు చుట్టూ గొట్టాల్లో తిప్పే ఏర్పాటు చేయించి, రాత్రి వెచ్చదనం పోకుండా దళసరి కప్పు వేయించాము. జనవరి నుంచి గ్యాసు నిలకడగా వస్తోంది.

సంస్థ కరపత్రంలో "కరెంటుతో పనిచేసే సూక్ష్మజీవులు" అని ఉంది. అది నన్ను నిజంగా బాధించింది, ఎందుకంటే అలాంటి విద్య వేరే ఉంది. కోపెన్‌హాగన్ దగ్గరి అవెడోర్ మురుగునీటి కేంద్రంలో 2016లో 1 మెగావాట్ ప్రయోగాత్మక ప్లాంటులో, కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి, దాన్ని బయోగ్యాసులోని కార్బన్ డయాక్సైడుతో కలిపి సూక్ష్మజీవులచేత మీథేన్ చేయించారు. మా ట్యాంకులో కరెంటు చేసేది చెత్తను కలియబెట్టడం, వెచ్చబెట్టడం మాత్రమే. ఆ మాటే చెప్పి అమ్మి ఉండవలసింది.

ఐదుకు మూడున్నర ఇస్తాను. కొనదలచినవారు నెలనెలా పీహెచ్ (ట్యాంకులో ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత) పరీక్షను, చలికాలపు వేడి ఏర్పాటును ముందే ఒప్పందంలో రాయించుకోండి.