బ్రేక్ ఆయిల్ లీకేజీ పనిలో ఫ్లేర్ నట్ పానా, గాలి తీసే సీసా: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా కారు ముందు డిస్క్, వెనుక డ్రమ్ బ్రేకులున్న పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. దానికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లేదు. బ్రేక్ ఆయిల్ లీకేజీలను ఇంటి దగ్గరే సరిచేసుకోవడం కోసం రాణిగంజ్‌లో కొన్న రెండు వస్తువులను కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఒకటి బ్రేక్ పైపు చివరి నట్టును విప్పే పది మిల్లీమీటర్ల ఫ్లేర్ నట్ పానా. రెండోది మూతలో వన్‌వే వాల్వు (ఒకవైపే పోనిచ్చేది) ఉన్న, బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలి తీసే సీసా. పానా లేకుండా ఈ పనికి దిగకూడదు. సీసా మంచిదే గాని దాని లోపం తెలిసి వాడాలి. అయితే లీకు ఎక్కడుందో తేలనంతవరకు ఈ రెండింటితోనూ ఉపయోగం లేదు కనుక, ముందుగా దాని గురించే చెప్పాలి.

బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గినంత మాత్రాన లీకు ఉన్నట్టు కాదు. ముందు ప్యాడ్లు అరిగేకొద్దీ క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) పిస్టన్లు బయటికి జరిగి, ఆ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది కాబట్టి మట్టం నెలల తరబడి మెల్లగా దిగడం సహజం. పై గీత దగ్గరున్న ఆయిల్ కొద్ది వారాల్లోనే కింది గీతకు చేరితే మాత్రం అది లీకే. అప్పుడు "కొంచెం ఆయిల్ పోస్తే సరిపోతుంది సార్" అనే మాట వినకూడదు. పోసిన ఆయిల్ జబ్బును దాచిపెడుతుందే తప్ప నయం చేయదు.

నేను అనుసరించే పద్ధతి ఇది. రాత్రి కారు కింద నాలుగు చక్రాల దగ్గరా, ఇంజను కిందా అట్టముక్కలు పరుస్తాను. హైదరాబాద్ ఎండల్లో ఏసీ నుంచి కారే నీటిని చూసి కంగారుపడేవారు చాలామంది. అది ఆరిపోతే మరక మిగలదు. బ్రేక్ ఆయిల్ లేత పసుపు లేదా గోధుమ రంగులో, వేళ్లకు జారుడుగా ఉంటుంది. అనుమానం తీరకపోతే ఒక చుక్కను గిన్నెలోని నీటిలో వేయాలి. ఇంజను ఆయిల్ పైకి తేలుతుంది, బ్రేక్ ఆయిల్ నీటిలో కలిసిపోతుంది. కూలెంట్ కూడా కలుస్తుంది గాని, దాని ఆకుపచ్చ లేదా ఎరుపు రంగు దాన్ని పట్టిస్తుంది.

మరక చక్రం దగ్గర కనిపిస్తే ఆ టైరు లోపలి వైపు తడిని చూడాలి. మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు చేర్చే భాగం), బూస్టర్ (పాదం బలాన్ని పెంచే భాగం) కలిసేచోట రంగు ఉబ్బి పొరలుగా లేచి ఉంటే మాస్టర్ సిలిండర్ వెనుక రబ్బరు సీలు పోయినట్టు. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. బయట ఎక్కడా చుక్క లేకపోయినా జూబ్లీహిల్స్ ఎత్తు మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, పాదం కింద పెడల్ నెమ్మదిగా దిగిపోతుంటే, మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్ల మీదుగా ఆయిల్ వెనక్కి జారుతోందని అనుమానించాలి. పెడల్ మెత్తగా ఉండి, రెండుమూడు సార్లు తొక్కితే గట్టిపడితే గొట్టాల్లో గాలి చేరి ఉండవచ్చు.

మా కారులో లీకైంది వెనుక ఎడమ చక్రం సిలిండర్ (డ్రమ్ లోపల బ్రేక్ షూలను నెట్టే భాగం). డ్రమ్ తీయాలంటే హ్యాండ్ బ్రేక్ వదలాలి కాబట్టి ముందు చక్రాలకు దిమ్మెలు పెట్టి, కారును జాకీ మీద కాక స్టాండ్ల మీద నిలిపిన తరువాతే చేయి పెట్టాలి. సిలిండర్ చివరి రబ్బరు తొడుగు ఎత్తి చూసినప్పుడు పలుచని చెమ్మ ఉంటే ఫరవాలేదు, ఆయిల్ కారితే మాత్రం సిలిండర్ పని అయిపోయినట్టే. పానా విలువ తెలిసేది ఇక్కడే. పైపు చివరి నట్టు మెత్తని లోహంతో చేసింది. ఏళ్ల తరబడి వానా బురదా తగిలి బిగుసుకుపోతుంది. మామూలు పానా రెండు ముఖాలనే పట్టుకుని అంచులను గుండ్రం చేస్తుంది, అప్పుడు పైపు కూడా మార్చాల్సి వస్తుంది. ఫ్లేర్ నట్ పానా చుట్టూ దాదాపు అన్ని ముఖాలనూ పట్టుకుంటుంది కనుక నట్టు చెక్కుచెదరకుండా ఊడింది. ఇన్నేళ్లలో దాని నోరు సాగలేదు.

సీలు కిట్ వేయడం కంటే కొత్త సిలిండర్ వేయడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే లోపలి గోడలో తుప్పు గుంటలు ఉంటే కొత్త సీళ్లూ త్వరగానే కోసుకుపోతాయి. ఆయిల్ తాగిన బ్రేక్ షూలను కడిగి వాడకూడదు, రెండు వైపులా మార్చాలి. శుభ్రం చేయడానికి బ్రేక్ క్లీనరే వాడాలి. పెట్రోలు, డీజిలు తగిలితే సీళ్ల రబ్బరు ఉబ్బుతుంది.

ఇక సీసా. పెడల్ తొక్కడానికి మరో మనిషి అక్కర్లేకపోవడం దాని గొప్ప సౌకర్యం. లోపం ఏమిటంటే, నిపుల్ (చక్రం దగ్గర గాలిని బయటికి వదిలే చిన్న మర) వదులు చేశాక పెడల్ పైకి వచ్చేటప్పుడు దాని మర చుట్ల సందుల్లోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుని, పారదర్శక గొట్టంలో ఆగని బుడగలు కనిపిస్తాయి. నిపుల్‌ను పావు చుట్టు మాత్రమే వదలడం వల్ల ఇది చాలావరకు తగ్గింది. అయినా చివరి రెండు విడతలు ఇంట్లో ఒకరిని పిలిచి పాత పద్ధతిలోనే పూర్తిచేస్తాను. మన కుడిచేతి స్టీరింగ్ కార్లలో సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరమైన వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టాలి, మాన్యువల్ వేరే వరుస చెబితే దాన్నే పాటించాలి. పాత కారులో పెడల్‌ను నేలకంటా తొక్కితే మాస్టర్ సిలిండర్ సీళ్లు ఎప్పుడూ తిరగని తుప్పు భాగం మీదికి వెళ్లి చిరుగుతాయి కనుక, పెడల్ కింద చెక్కముక్క పెట్టడం మంచిది. సీసా గొట్టం మాత్రం గట్టిపడి నిపుల్ మీద నిలవడం మానేసింది, దాన్ని మార్చాను.

ఆయిల్ విషయంలో మాన్యువల్ చెప్పిన డాట్ 4 వాడుతున్నాను. దాని మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలు, 3.7 శాతం నీరు చేరాక 155 డిగ్రీలు. మన వానాకాలపు గాలిలో తెరిచిన డబ్బా చెమ్మను లాగేస్తుంది కాబట్టి చిన్న డబ్బాలే కొని, మిగిలింది దాచను. సిలికాన్ రకమైన డాట్ 5ను దీనితో కలపరాదు.

ఏబీఎస్ ఉన్న కార్లలో మాడ్యులేటర్‌లో (ఏబీఎస్ వాల్వులు, పంపు ఉండే పెట్టె) చిక్కిన గాలిని తీయడానికి చాలాసార్లు స్కానర్‌తో పంపును నడిపించాల్సి ఉంటుంది. అలాంటి కారున్నవారు లీకు చోటు కనిపెట్టడం వరకు ఇంట్లో చేసుకుని, పెడల్ ఏమాత్రం లోతుగా వెళ్తున్నా కారును నడపకుండా, టోయింగ్ బండి మీదే గ్యారేజీకి పంపాలి.