ఏఐ కోడింగ్ అసిస్టెంట్ సెట్టింగులకు విజువల్ యాప్: చాలాకాలం వాడాక నా సమీక్ష

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కాటా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే చిన్న టీమ్ మాది. కోడ్ రాయడంలో సాయపడే ఏఐ అసిస్టెంట్లు క్లాడ్ కోడ్, కోడెక్స్ రెండూ వాడతాం. పోయిన తోతాపురి సీజన్‌కు ముందు నుంచి వాటి సెట్టింగులను ఒక ఓపెన్ సోర్స్ డెస్క్‌టాప్ యాప్‌లోనే చూసుకుంటున్నాం.

క్లాడ్ కోడ్ సెట్టింగులు జేసన్ ఫైల్లో, కోడెక్స్‌వి టామల్ ఫైల్లో ఉంటాయి; రెండూ సెట్టింగులు రాసే టెక్స్ట్ పద్ధతులే. జేసన్‌లో ఒక్క కామా ఎక్కువైనా ఫైల్ చెల్లదు. యాప్‌తో ఆ తిప్పలు తప్పాయి. కానీ అసలు లాభం అది కాదు.

క్లాడ్ కోడ్ సెట్టింగులు ఒక్కచోట ఉండవు. యూజర్‌కు ఒక ఫైల్, ప్రాజెక్టుకు ఒకటి, ఆ ప్రాజెక్టులోనే మన మెషిన్ వరకే పనిచేసే లోకల్ ఫైల్ ఇంకొకటి. ఒకే సెట్టింగ్ మూడింటిలోనూ ఉంటే లోకల్‌దే నెగ్గుతుంది. పర్మిషన్ల సంగతి వేరు: ఎక్కడో ఒకచోట 'డినై' ఉంటే, మిగతా చోట్ల 'అలౌ' ఉన్నా చెల్లదు. డేటాబేస్‌ను మార్చే కమాండ్లకు మేం డినై పెట్టుకున్నాం. సీజన్‌లో కాటా దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఆ వేళ అసిస్టెంట్ అడక్కుండా ఏదైనా నడిపిందంటే రైతుల తూకం లెక్కలే తారుమారవుతాయి. అందుకే ఏ నియమం అమల్లో ఉందో చూడగానే తెలియాలి. ఈ యాప్‌లో ప్రతి సెట్టింగ్ పక్కనా అది ఏ ఫైల్ నుంచి వచ్చిందో కనిపిస్తుంది. ఎస్వీ యూనివర్సిటీలో చదివి కొత్తగా చేరిన అమ్మాయి "నా దగ్గర పర్మిషన్ అడగట్లేదేంటన్నా?" అంటే, "లోకల్ ట్యాబ్ చూడమ్మా" అంటే సరిపోతోంది.

ఎంసీపీ సర్వర్ల (అసిస్టెంట్‌ను బయటి టూల్స్, డేటాతో కలిపేవి) పేజీ మాత్రం నాకు నచ్చలేదు. అక్కడ టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి రహస్య కీ) టైప్ చేసి సేవ్ కొడితే ఉన్నదున్నట్టు ప్రాజెక్టు ఫైల్లో పడుతుంది. ఆ ఫైల్ గిట్‌లోకి, అంటే టీమ్ అంతా పంచుకునే కోడ్ చరిత్రలోకి వెళ్లేది! టోకెన్‌కు బదులు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (మెషిన్‌లో విడిగా పెట్టుకునే విలువ) పేరు ఇచ్చే వీలు క్లాడ్ కోడ్‌లో ఉంది, యాప్ ఆ దారి చూపించదు. ఆ పేజీని మేం చూడటానికే వాడతాం, మార్పులు చేతితోనే రాస్తాం.

ఇంకోటి, తనకు తెలియని కొత్త సెట్టింగ్ ఉంటే సేవ్ చేసేటప్పుడు దాన్ని తీసేస్తుంది. కోడ్ ఫార్మాటింగ్ కోసం పెట్టిన మా హుక్ (దానంతటదే నడిచే కమాండ్) ఒకటి అలాగే పోయింది. ఇప్పుడు గిట్ డిఫ్‌లో ఏం మారిందో చూడకుండా ఎవరూ కమిట్ చేయరు.

ఒక్కరే, ఒకే టూల్ వాడుతుంటే ఈ యాప్ అక్కర్లేదు. నలుగురు కలిసి పనిచేసే చోటైతే పెట్టుకోండి. ఐదుకు మూడున్నర ఇస్తాను. టోకెన్ సంగతి సరిచేసిన రోజు నాలుగున్నర.