డీవీడీ స్టైలర్, ఇమ్గ్‌బర్న్: 2016 నుంచి వాడుతున్న అనుభవంతో

మా ఊరి ఇంట్లో నాన్నగారు నేటికీ పాత పెట్టె టీవీలోనే, దానికి తగిలించిన డీవీడీ ప్లేయర్‌తోనే వీడియోలు చూస్తారు. ఫోను తెర ఆయన కళ్లకు ఆనదు. అందుకే అన్నయ్య అమెరికా నుంచి ఆన్‌లైన్ డ్రైవ్‌లో పెట్టే మనవల వీడియోలను, గుడి ఉత్సవాల్లో తీసి అందరికీ పంచిన హరికథల రికార్డింగులను దింపుకుని, 2016 నుంచి డిస్కుల మీదికి ఎక్కిస్తున్నాను. డీవీడీ స్టైలర్‌లో డిస్కును సిద్ధం చేసుకుని ఇమ్గ్‌బర్న్‌తో రైట్ చేస్తాను. రెండూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే.

మొదట్లో ఎంపీ4 ఫైలును ఉన్నదున్నట్టు డిస్కులోకి కాపీ చేస్తే ప్లేయర్ దానిని గుర్తించలేదు. ఇలాంటి ప్లేయరు చదివేది ఎంపెగ్-2 అనే పాత పద్ధతిలో కుదించిన వీడియోను; అది కూడా వీడియో_టీఎస్ అనే ఫోల్డరులో వాబ్, ఐఎఫ్ఓ ఫైళ్లుగా అమరి ఉండాలి. మనం దింపుకునేవి చాలావరకు హెచ్.264 అనే వేరే కుదింపు పద్ధతిలో ఉంటాయి కాబట్టి మార్పిడి తప్పదు. ఆ మార్పిడినీ, మెనూనూ, అధ్యాయాల విభజననూ డీవీడీ స్టైలర్ ఒక్కచోటే చేసిపెడుతుంది. హరికథకు పది నిమిషాలకొక అధ్యాయం పెట్టడం వల్ల, మధ్యలో నిద్రపోయిన నాన్నగారు మర్నాడు ఆ కథాభాగం దగ్గరికి తేలికగా చేరుకోగలుగుతున్నారు.

నాణ్యత విషయంలో లెక్క ముందుగా వేసుకోవాలి. 4.7 జీబీ డిస్కులో రెండు గంటల వీడియోకు, ధ్వనితో కలిపి, సెకనుకు సుమారు 5 మెగాబిట్లు దక్కుతాయి. మూడు గంటలు ఇరికిస్తే అది మూడున్నరకు పడిపోయి, కదలిక ఉన్నచోటల్లా బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది. అటువంటప్పుడు 720 × 576 చుక్కల బొమ్మ బదులు, డీవీడీ ప్రమాణం అనుమతించే 352 × 576 ఎంచుకుంటే గళ్లు తగ్గుతాయి, పెట్టె టీవీ మీద ఆ తేడా దాదాపు తెలియదు. వీలున్నప్పుడు మాత్రం రెండు డిస్కులు వాడటమే నాకు ఇష్టం.

నన్ను ఎక్కువకాలం ఇబ్బంది పెట్టినవి ఫోను వీడియోలు. అవి సెకనుకు సుమారు 30 ఫ్రేములతో ఉంటాయి, పైగా ఆ సంఖ్య నిలకడగా ఉండదు. వాటిని నేరుగా 25 ఫ్రేముల పాల్ (మన దేశపు పాత టీవీల) పద్ధతికి మార్చినప్పుడు పిల్లల పరుగు కుదుపులుగా కనిపించింది, చివరికి వచ్చేసరికి పెదవులకూ మాటకూ పొంతన తప్పింది. ఇప్పుడు ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేముల సంఖ్యను స్థిరం చేసి, తర్వాత సుమారు 30 ఫ్రేములుండే ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పాత టీవీల) పద్ధతి డిస్కుగా తయారు చేస్తున్నాను. పాల్ ఒక్కటే తెలిసిన పాత టీవీల్లో ఎన్‌టీఎస్‌సీ బొమ్మ రంగులు లేకుండా నలుపు తెలుపుల్లో రావచ్చు కాబట్టి, ప్లేయర్ సెట్టింగుల్లో టీవీ పద్ధతిని పాల్‌గా ఉంచి ఒకసారి చూసుకోవాలి. మా ప్లేయర్ ఆ మార్పిడిని తనంతట తానే చేసుకుంటుంది.

రైట్ చేసేటప్పుడు తొందర పనికిరాదు. నేను 4 రెట్ల వేగం పెడతాను, కంప్యూటర్‌లోని డిస్కు డ్రైవ్ దానికి ఒప్పుకోకపోతే 8 దాటను. ఇమ్గ్‌బర్న్‌లో రాసిన తర్వాత సరిచూసే వెరిఫై దశను ఏనాడూ వదలలేదు. చవకగా వచ్చాయని కట్టగా కొన్న డిస్కుల్లో కొన్ని ఆ దశలోనే తేలిపోయాయి, మరికొన్ని రెండు మూడేళ్లకే చదవడం మానేశాయి. డిస్కు మీద కాగితపు స్టిక్కర్ అంటిస్తే బరువు ఒకవైపు ఒరిగి ప్లేయర్ తడబడుతుంది, కాబట్టి సీడీ మార్కర్‌తో పేరు రాయడమే క్షేమం.

తెలుగు ఉపశీర్షికలు కావాలనుకునేవారికి ఒక్క మాట. డీవీడీలో అవి అక్షరాలుగా కాక బొమ్మలుగా నిలువ ఉంటాయి. నా తొలి డిస్కుల్లో ఎస్ఆర్‌టీ అనే ఉపశీర్షికల అక్షరాల ఫైలు నుంచి ఆ బొమ్మలు తయారయ్యేటప్పుడు ఒత్తులు, గుణింతాలు విడివడి చదవరాకుండా పోయాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌తో ఉపశీర్షికలను ముందే వీడియోలో కలిపేసిన తర్వాత ‘లక్ష్మి’ అన్న పేరు తెర మీద విరగకుండా వచ్చింది. అప్పటి నుంచి అదే దారిలో వెళుతున్నాను.