పిల్లల నోటి వాసనకు ఆన్‌లైన్‌లో చుక్కల మందు కొంటున్నారా? ఆగండి

ఫోన్ తెరిస్తే చాలు, ఆ ప్రకటన వస్తోంది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, పక్కన ముక్కు మూసుకున్న బామ్మగారు, కింద "ఈ రాత్రి వరకే ఆఫర్". నాలుక మీద నాలుగు చుక్కలు వేస్తే పిల్లల నోటి దుర్వాసన మాయమట. దయచేసి తెప్పించుకోకండి. మేం తెప్పించాం. డబ్బు సంగతి అలా ఉంచండి, మా అయిదేళ్ల పాప నాలుక పొక్కింది, అసలు కారణం బయటపడడం ఆలస్యమైంది.

ముందు సీసా సంగతి. 1,499 కొట్టేసి 699 అని రాసిన అట్టపెట్టె. క్యాష్ ఆన్ డెలివరీయే అయినా డబ్బు చేతిలో పెట్టేదాకా పెట్టె తెరవనివ్వరు. లోపల బొటనవేలంత సీసా. దాని మీద తులసాకు బొమ్మ, "100 శాతం సహజం" అని బంగారు రంగు ముద్ర. వెనక్కి తిప్పితే ఏమేం కలిపారో లేదు, ఎవరు తయారు చేశారో లేదు, బ్యాచ్ నంబరు లేదు, గడువు తేదీ లేదు. ఉన్నదల్లా 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు.

ఆ నంబరు చూసి "ప్రభుత్వ ఆమోదం ఉందిలే" అనుకునేవాళ్ళు చాలామంది. అది తిండి వస్తువుల లైసెన్సు, అప్పడాల ప్యాకెట్ మీదా ఉంటుంది. ఆయుర్వేద మందుగా అమ్మాలంటే లేబుల్ మీద "ఆయుర్వేద ఔషధం" అన్న మాట, తయారీ లైసెన్సు నంబరు, దినుసుల జాబితా, తయారీదారు చిరునామా, బ్యాచ్, తయారీ తేదీ, గడువు ఉండాలి. జబ్బు తగ్గుతుందని ప్రచారం చేసి తిండి నంబరు చూపిస్తున్నారంటే ఆ సీసా మూత తీయాల్సిన పనే లేదు.

ఇక లోపలి సరుకు. లవంగ నూనె, కర్పూరం ఘాటు గది అంతా కమ్మేసింది. పాప ఏడ్చింది, మర్నాటికి నాలుక అంచులు ఎర్రగా పొక్కి పెరుగన్నం కూడా మింగలేకపోయింది. వాట్సాప్‌లో ఫొటో పెడితే వచ్చిన జవాబు చూడండి: "లోపలి మలినం బయటికి వస్తోంది మేడమ్, చుక్కలు పెంచండి." డబ్బు వెనక్కి అడిగేసరికి మా నంబరు బ్లాక్ చేశారు. తర్వాత అదే తెల్లకోటు ఆయన మోకాళ్ళ నొప్పుల నూనె అమ్ముతూ కనిపించాడు. పక్కన బామ్మగారు కూడా ఆవిడే.

పొక్కులతో పోయింది కాబట్టి సరిపోయింది. లవంగ నూనె పసిపిల్లలు ఒకటి రెండు చెంచాలు తాగి కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చిన కేసులున్నాయి. కర్పూరం కడుపులోకి వెళ్తే చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు, దానికి పెద్ద మోతాదు కూడా అక్కర్లేదు. ఇంట్లో ఉన్న లవంగ నూనె సీసా అయినా సరే, పిల్లలకు అందని చోట పెట్టండి. మౌత్‌వాష్ ఆరేళ్లలోపు వాళ్ళకు వద్దు, పుక్కిలించి ఉమ్మేయడం వాళ్ళకు సరిగ్గా రాదు, మింగేస్తారు.

అసలు కారణం పంటి డాక్టరుగారు పట్టుకున్నారు. పళ్ళన్నీ చూసి, పుచ్చు ఏమీ లేదని చెప్పి, పాపను నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలమన్నారు. కంపు ముక్కులోంచి! అదీ ఒకవైపు నుంచే. అటే పసుపుగా చీమిడి కారుతుంటే మేం జలుబు అనుకున్నాం. ఈఎన్‌టీ డాక్టరు లైటు వేసి చూసి లోపల్నుంచి సోఫా స్పాంజి ముక్క తీశారు. దాంతో వాసన కూడా పోయింది. స్పాంజి, పూసలు, చింతగింజలు, శనగలు ఇలా దూర్చుకున్న పిల్లలు ఆయన దగ్గరికి తరచూ వస్తూనే ఉంటారట. ఒక ముక్కు రంధ్రం నుంచే కంపుకొట్టే చీమిడి కారితే ముందు దీన్నే అనుమానించండి. ఇంట్లో పిన్నుతోనో పట్టకారుతోనో కెలికితే ఇంకా లోపలికి పోతుంది. దూరింది బటన్ బ్యాటరీ అని అనుమానమొస్తే తెల్లారేదాకా ఆగొద్దు, గంటల్లోనే లోపలి కండ కాలిపోతుంది.

అందరి పిల్లలకూ స్పాంజి ఉండదు లెండి. ఎక్కువమందికి కారణం నాలుక మీద పాచి, పళ్ళ సందుల్లో ఇరుక్కున్న తిండి, పిప్పి పన్ను. కొందరు ముక్కు మూసుకుపోయో, ముక్కు వెనకుండే అడినాయిడ్స్ అనే కండలు పెరిగో నోరు తెరుచుకుని పడుకుంటారు, నోరు ఎండిపోయి పొద్దున్నే వాసన వస్తుంది. టాన్సిల్స్ గుంటల్లో తెల్లగా గడ్డకట్టినా అంతే. ఈ చుక్కలు వీటిలో దేన్నీ తగ్గించవు, కాసేపు ఘాటుతో కప్పుతాయంతే.

ఇంట్లో చేయగలిగింది చవకైనదే. రోజూ రెండుసార్లు బ్రష్, రాత్రిది మాత్రం తప్పకూడదు, దాని తర్వాత నీళ్ళు తప్ప ఏమీ వద్దు. ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్లదాకా బఠాణీ గింజంత. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్ళే తోమాలి, "నేనే తోముకుంటా" అని వాళ్ళు మారాం చేసినా సరే. నాలుకను మెత్తటి బ్రష్‌తో తేలిగ్గా రుద్దితే చాలు, రేకు బద్దతో గీకక్కర్లేదు. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చే అలవాటుంటే మాన్పించండి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే పంటి డాక్టరుకు చూపించండి. నోటి దగ్గర పండ్ల వాసనలాంటిది వస్తూ, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు ఉంటే అది షుగర్ కావచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇప్పటికే కొనేసినవాళ్ళు సీసా, పెట్టె, కొరియర్ చీటీ పారేయకండి. ప్రకటన, వాట్సాప్ మాటలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, బ్లాక్ చేశాక ఆ పేజీ దొరకదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. పెద్ద షాపింగ్ సైటులో కొన్నది అయితే 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాళ్ళ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. లేబుల్ లేని మందు అమ్ముతున్నారని జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకూ రాతపూర్వకంగా ఇవ్వండి. మేం ఇచ్చాం, సీసాతో సహా. డబ్బు ఇంకా రాలేదు.